సొయో అవ్వ చెరిసగం

సొయో అవ్వకు లోకంలో ఒకటే పట్టింపు. ఇటువాళ్ళకు ఎంత దక్కిందో అటువాళ్ళకూ అంతే దక్కాలి. అది చేపముక్క కావచ్చు, పలకరింపు కావచ్చు, చీవాట్లు కావచ్చు. చెరిసగం కాని పని తను చేయదు, కళ్ళముందు ఇంకొకరిని చేయనివ్వదు.

దీనికి కారణం లేకపోలేదు. ఇసోహమా రేవులో పేటలు రెండు. అఖాతానికి తూర్పున ఒకటి, పడమరన ఒకటి. సొయో పుట్టిల్లు పడమరపేట, అత్తిల్లు తూర్పుపేట. పడమరవాళ్ళకు ఆమె అక్క, తూర్పువాళ్ళకు వదిన. ఈ రెండు పేటలకూ తాతల కాలం నుంచీ పడదు. ఎందుకు పడదో ఎవరికీ గుర్తులేదు గాని, ఆ పడకపోవడాన్ని మాత్రం ఇరువైపులవాళ్ళూ శ్రద్ధగా కాపాడుకుంటూ వస్తున్నారు.

ఒకసారి పడమరపేట తొకుజో గారి కుక్క, అవ్వ ఎండబెట్టుకున్న చేపను ఎత్తుకుపోయింది. అవ్వ దాన్ని వీధిలో నిలబెట్టి చెడామడా తిట్టింది. అది తోక ముడుచుకుని వెళ్ళిపోయాక తిన్నగా తూర్పుపేటకు నడిచింది. మత్స్యకారుల సంఘం పెద్ద ఒకుయామా గారి వాకిట్లో ఎండకు పడుకున్న కుక్కను తట్టి లేపి, దాన్నీ అంతసేపే తిట్టింది.

"మావాడేం చేశాడు వదినా?" అన్నాడు ఒకుయామా, చేతిలో పళ్ళు తోముకునే బ్రష్షుతో బయటికి వచ్చి.

"ఏమీ చేయలేదు."

"మరి?"

"పడమర కుక్కను తిట్టి తూర్పు కుక్కను ఊరికే వదిలేస్తే రేపు నన్నేమంటారు?"

ఆ తరవాత చాలాకాలం ఆ కుక్క, తను చేసిన తప్పేమిటో అంతుబట్టక ఆలోచిస్తున్నట్టే కనిపించేది.

తూర్పుపేట పెళ్ళిలో ఒక పాట పాడింది గనక పడమరపేట పెళ్ళిలోనూ పాడింది. అదే పాట, అన్నే చరణాలు, అదే చోట అదే అపశ్రుతి. ఊళ్ళో విందు జరిగినా, వల నిండినా, పంపకం ఆమె చేతిమీదుగానే. ఆమె పంచితే ఏ పేటా నోరెత్తడానికి ఉండదు. నోరెత్తలేకపోవడం వాళ్ళకు మహా ఇబ్బందిగా ఉండేది గనక, చాటున మాత్రం ఆమెనే అనుకునేవాళ్ళు.

"అంతా కుళ్ళు," అనేది తూర్పుపేట హిసాకో. అవ్వతో పాటు ఊపిరి బిగబట్టి సముద్రంలో మునిగి తినే గవ్వలు ఏరే ఆడవాళ్ళలో ఆమె ఒకతె. "ఎవరికో ఒక మెతుకు ఎక్కువ పోతుందేమోనని ముసలామెకు కంటిమీద కునుకుండదు."

ఈ పట్టింపు వల్ల తల పట్టుకున్నవాళ్ళు ఊరినిండా ఉన్నారు. కానీ తను చదివిన చదువు మీదే అనుమానం వచ్చేంత దాకా వెళ్ళింది మాత్రం కసుమి ఒక్కర్తే.

కసుమి జిల్లా చేపల పరిశోధన కేంద్రం పంపగా వచ్చిన అమ్మాయి. చంకలో, అడుగులు నేర్చుకుంటున్న కూతురు నగి. భుజాన కొలతల సంచి. భర్త పక్క పట్నంలో ఆసుపత్రి నర్సు, అతని డ్యూటీ మారినప్పుడల్లా ఆ రోజు బిడ్డ ఎవరి దగ్గరో మొగుడికీ పెళ్ళానికీ ఇద్దరికీ స్పష్టంగా తెలిసేది కాదు. సముద్రం పక్కన పుట్టినవాళ్ళకు సముద్రం గురించి చెప్పడానికి వచ్చింది కాబట్టి ఊళ్ళోవాళ్ళు ఆమెను పంతులమ్మా అని పిలిచేవాళ్ళు. ఆ పిలుపులో గౌరవం ఎంతో, వెటకారం ఎంతో ఆమె ఎప్పటికీ తేల్చుకోలేకపోయింది.

అఖాతంలో రాళ్ళు బోడివైపోయాయి. ఒకప్పుడు వాటిమీద నాచు మనిషెత్తున ఊగేదట, దాని నీడలో చేపలు గుడ్లు పెట్టేవట, గవ్వలు బలిసేవట. ఇప్పుడు ఎక్కడ చూసినా ముళ్ళబంతులనే సముద్రజీవులే. నల్లగా, పిడికెడంత, ఒళ్ళంతా సూదులు, అడుగున నోరు. నాచు మొలక తల ఎత్తడం ఆలస్యం, గీకి మింగేస్తాయి. మింగి మింగి ఇక ఏమీ మిగలక అవీ పస్తులే ఉంటాయి, కానీ చావవు. ఏళ్ళతరబడి అలాగే కూర్చుంటాయి. మంచి రోజుల్లో పగలగొడితే లోపల బంగారు రంగు ముద్ద ఉండేది, పట్నంలో ఎగబడి కొనేవాళ్ళు. ఇప్పుడు పగలగొడితే ఉప్పునీళ్ళు. అందుకని వాటిని పట్టేవాడూ లేడు.

వీటిని ఏరిపారేస్తే నాచు తిరిగి వస్తుందని కసుమి నమ్మకం. నమ్మకం చాలదు, ఋజువు కావాలి. అఖాతమంతా శుభ్రం చేయాలంటే సంఘం సభలో రెండు పేటలూ ఒప్పుకోవాలి. ఒక పేట ఒప్పుకుంటే రెండోది ఒప్పుకోదు గనక, ఇంతవరకూ ఆ సభలో ఏదీ తేలిన పాపాన పోలేదు.

కసుమి రెండు రాళ్ళు ఎంచుకుంది. ఒకే లోతు, ఒకే పరిమాణం. ఒకటి తూర్పుపేటకు ఎదురుగా, ఒకటి పడమరపేటకు ఎదురుగా. ఒకదానిమీద ముళ్ళబంతులన్నీ తీసేయాలి. ఒకదాన్ని ముట్టుకోకూడదు. ఏది ఏదో తేల్చడానికి సంఘం హాల్లో అందరి ముందూ చీటీ తీసింది. శుభ్రం చేసే రాయి తూర్పుకు వచ్చింది.

"అదిగో," అన్నాడు తొకుజో. పడమరపేటలో పెద్ద గొంతు ఆయనది. "బాగుపడేది వాళ్ళ రాయి. చూస్తూ కూర్చునేది మన రాయి."

"పోల్చి చూడటానికండీ తొకుజో గారూ. రెండూ శుభ్రం చేస్తే నాచు దేనివల్ల మొలిచిందో ఎలా తెలుస్తుంది? ముళ్ళబంతులు పోయి మొలిచిందా, ఈ ఏడు నీళ్ళు చల్లబడి మొలిచిందా?"

తొకుజో గడ్డం గోక్కున్నాడు. "సరే. చలికాలం పోయేలోగా వాళ్ళ రాయి మీద నాచూ, మా రాయి మీద బోడీ నా కళ్ళకు చూపించు. పడమరపేట తరఫున ముందు నేనే చెయ్యెత్తుతా. తేడా చూపించలేకపోయావో, ఆ సంచి సర్దుకుని వెళ్ళిపో పంతులమ్మా."

మూల నుంచి సొయో అవ్వ గొంతు వినిపించింది. "ఇంకో చీటీ తీయకూడదా?"

"ఎందుకవ్వా?"

"ఇప్పుడు తూర్పుకు వచ్చింది కదా. ఇక పడమర వంతు."

"అలా వంతులు వేస్తే అది చీటీ కాదవ్వా."

"మరి చీటీ అంటే?"

కసుమి వివరించబోయింది. అవ్వ ముఖం చూసి ఆగిపోయింది.

ఆకురాలే కాలమంతా ఆడవాళ్ళు తూర్పు రాయి మీద మునిగి, ఇనప కొక్కేలతో ముళ్ళబంతులను పగలగొట్టారు. అవ్వ అందరికంటే పెద్దది, అందరికంటే ఎక్కువసేపు నీళ్ళలో ఉండేది. పైకి తేలి ఊపిరి వదిలితే ఈల వేసినట్టు అఖాతమంతా వినిపించేది. పని అయ్యాక అందరూ ఒడ్డున గుడిసెలో మంట చుట్టూ కూర్చుని చలి కాచుకునేవాళ్ళు. నగిని చూసుకునేదీ ఆ గుడిసెలోనే, ఎవరి ఒళ్ళో పడితే వాళ్ళ ఒళ్ళో.

ఒకరోజు నగి గుడిసె గడప తట్టుకుని పడింది. కుడి మోకాలు చెక్కుకుపోయింది. కసుమికి కాళ్ళూచేతులూ ఆడలేదు. కడగాలా, కట్టు కట్టాలా, మొగుడికి ఫోను చేయాలా? ఈలోగా అవ్వ బిడ్డను ఒళ్ళోకి లాక్కుని కుడి మోకాలి మీద ఉఫ్ అని ఊదింది. తరవాత ఎడమ మోకాలి మీదా ఊదింది.

"ఆ కాలికి ఏమీ కాలేదవ్వా."

"కాలేదని దాన్ని పట్టించుకోమా?"

నగి ఏడుపు ఆపి, రెండు మోకాళ్ళనూ మార్చి మార్చి చూసుకుంది. దెబ్బ దేనికి తగిలిందో దానికీ సందేహం వచ్చినట్టుంది.

ఇక కసుమి సంగతి. ఆమె రెండు రాళ్ళ మీదా చదరపు చట్రం పెట్టి లోపల ఉన్న ముళ్ళబంతులను లెక్కపెట్టేది. తూర్పున లెక్క పడిపోయింది, అది పడిపోవాల్సిందే. పడమరన కూడా తగ్గింది, అది తగ్గకూడదు. మరోసారి లెక్కపెట్టింది. ఇంకా తగ్గింది.

"ఆక్టోపస్ ఏదైనా చేరిందేమో అక్కడ?" అని అడిగింది గుడిసెలో.

"ఆక్టోపస్ ఉంటే నా కంటబడకుండా ఉంటుందా?" అంది హిసాకో. "ఈపాటికి కూర అయి ఉండేది."

"ముళ్ళబంతులకు ఏదైనా జబ్బు వచ్చిందేమో?"

"వాటికే గనక జబ్బు వస్తే ఊరంతా పండగ చేసుకునేవాళ్ళం పంతులమ్మా."

"తగ్గితే మంచిదేగా?" అంది అవ్వ, మంటలో చిలగడదుంప తిప్పుతూ.

"మంచిది కాదవ్వా! అక్కడ తగ్గకూడదు!"

అవ్వ ఆమెను జాలిగా చూసింది. చిలగడదుంపను సరిగ్గా మధ్యకు విరిచి సగం కసుమికీ సగం హిసాకోకూ ఇచ్చింది. ఎంత చదువుకుంటే మాత్రం ముళ్ళబంతులు తగ్గాయని ఏడ్చేవాళ్ళుంటారా?

కసుమి నీళ్ళలో కెమెరా పెట్టాలనుకుంది. కేంద్రంలో ఉన్నది ఒకటే కెమెరా. పడమర రాయి దగ్గర పెట్టడానికి పడవ ఎక్కుతుంటే అవ్వ అడ్డం వచ్చింది. "ఒక రాయికే ఫోటోలా?" అని. వాదించే ఓపిక లేక కసుమి రోజు విడిచి రోజు ఒప్పుకుంది. ఒకరోజు తూర్పు, ఒకరోజు పడమర. కెమెరా పడమర రాయి దగ్గర ఉన్న రోజుల్లో అక్కడ ఏమీ జరిగేది కాదు. ముళ్ళబంతులు బుద్ధిగా కూర్చునేవి. మర్నాడు తూర్పు వంతు అయ్యాక మళ్ళీ లెక్క తగ్గేది. కెమెరాకు సిగ్గుపడే వ్యాధి ఏదైనా ఉందేమోనని కసుమి నిజంగానే పుస్తకాలు తిరగేసింది.

పై అధికారికి ఫోను చేసింది.

"రాళ్ళు తారుమారు చేసి లెక్కపెట్టావేమో చూసుకోమ్మా," అన్నాడాయన.

మామూలు రోజుల్లో అయితే ఆ మాటకు కోపం వచ్చేది. కానీ అంతకుముందే ఆమె ఫోను ఫ్రిజ్‌లో క్యారెట్ల మధ్య దొరికింది. కొలతల సంచిలో నగి మేజోడు, నగి సంచిలో సముద్రపు నీటి థర్మామీటరు బయటపడ్డాయి. ఆ థర్మామీటరుతో బిడ్డ జ్వరం చూశానేమోనని ఒక పూటంతా కుమిలిపోయింది. ఇలాంటి మనిషి, నేను రాళ్ళు తారుమారు చేయలేదని ఒట్టు ఎలా వేస్తుంది?

అందుకని గుర్తుకోసం తూర్పు రాయికి ఎర్రతాడు, పడమర రాయికి నీలంతాడు కట్టి వచ్చింది. ఇక పొరపాటు పడటానికి వీల్లేదనుకుంది. తరవాతి సారి మునిగి చూస్తే రెండు రాళ్ళకూ చెరో సగం ఎర్రతాడు, చెరో సగం నీలంతాడు ఉన్నాయి.

పైకి తేలి పడవ అంచు పట్టుకుంది. తూర్పు ఎటో సూర్యుణ్ణి చూసి నిర్ధారించుకోవాల్సి వచ్చింది.

"అవ్వా, ఆ తాళ్ళు నువ్వే మార్చావా?"

"ఆ. ఎరుపు పండగ రంగు. అది ఒకరికే కడితే ఎలా?"

ఇంత చెప్పినా కసుమికి అసలు సంగతి తట్టలేదు. నిద్ర చాలని తల్లి బుర్రకు ఒక సమయంలో ఒకటే ఆలోచన పడుతుంది, ఆ పూట అది తాళ్ళ గురించి.

చలి ముదిరాక తూర్పు రాయి మీద మొలకలు వచ్చాయి. గోరంత, గోధుమరంగువి, అలకు వణుకుతూ. చారులో వేసుకునే వకామె నాచు. రేవు తాళ్ళకు అక్కడక్కడా వేలాడుతూ మిగిలిన నాచు విత్తనం ఎలాగో ఇక్కడిదాకా చేరింది. కసుమి నీళ్ళలోనే కేక పెట్టబోయి ఉప్పునీళ్ళు మింగింది. పడవ పడమరకు తిప్పింది. అక్కడా మొలకలు వచ్చాయి. గోరంత, గోధుమరంగువి, అలకు వణుకుతూ.

ఎన్నో ఏళ్ళుగా నాచు లేని అఖాతంలో రెండు రాళ్ళు చిగురిస్తే, ఇసోహమాలో దిగులుపడిన మనిషి ఆమె ఒక్కర్తే.

సభ మర్నాడనగా, చివరి ప్రయత్నంగా మరోసారి లెక్కపెడదామని పొద్దున్నే పడమర రాయి దగ్గర దిగింది. నీళ్ళలో తల పెట్టగానే కింద రెండు కాళ్ళు కనిపించాయి. నల్లటి ఈతదుస్తులు. ఎడమచేతి కొక్కెంతో ఒక దెబ్బ, కుడిచేతికి మార్చుకుని ఒక దెబ్బ. ముళ్ళబంతులు ఒక్కొక్కటే వలసంచిలోకి వెళ్తున్నాయి.

ఇద్దరూ ఒకేసారి పైకి తేలారు. ఒకరు ఈలతో, ఒకరు దగ్గుతో.

"అవ్వా! ఇది ముట్టుకోకూడని రాయి!"

"తెలుసు. నువ్వు చెప్పావుగా."

"తెలిసి ఎందుకు తీస్తున్నావు?"

"ఆ రాయిని మీరంతా చూసుకుంటున్నారు. దీన్ని చూసుకునే దిక్కేదీ?"

"ఎప్పటినుంచి తీస్తున్నావు?"

"అక్కడ మొదలుపెట్టిన రోజు నుంచే. అక్కడ ఎంతసేపు చేస్తానో ఇక్కడా అంతే. కెమెరా ఉన్న రోజు మాత్రం రాలేదు. దాని పని పాడుచేయడం ఎందుకులే అని."

"ఏరినవన్నీ ఎక్కడ పెట్టావు?"

"క్యాబేజీ పాదుల్లో పూడ్చాను. తూర్పు తోటల్లో సగం, పడమర తోటల్లో సగం. మంచి ఎరువు."

ఏడవాలో నవ్వాలో కసుమికి తెలియలేదు. నీళ్ళలో ఉన్నందువల్ల ఏడ్చినా తెలియదనే ధైర్యంతో కొంచెం ఏడ్చింది. "రేపు సభలో తేడా చూపించాలవ్వా. తేడా లేకపోతే తొకుజో గారు ఒప్పుకోరు. ఏరడం ఆపేస్తారు. ఈ రెండు రాళ్ళు తప్ప అఖాతమంతా ఇలాగే ఉండిపోతుంది. నేనూ వెళ్ళిపోవాలి."

అవ్వ వలసంచిని పడవలోకి విసిరి, అంచు పట్టుకుని ఆయాసం తీర్చుకుంది.

"తేడా చూపిస్తే తొకుజో చెయ్యెత్తుతాడు. మాట తప్పడు, వాడి సంగతి నాకు తెలుసు. ఎత్తి ఇంటికెళ్ళి కిటికీలోంచి ఆ బోడిరాయిని చూస్తాడు. వాడి పెళ్ళాం చూస్తుంది. ఎదుటివాళ్ళకు నాచు, మనకు రాయి అని. ఆ మాట వాళ్ళ మనవలదాకా పోతుంది. నేను రెండిళ్ళ అన్నమూ తిన్నదాన్ని పంతులమ్మా. నీ పని ఒక చలికాలంలో అయిపోతుంది. ఆ మాట అవదు."

అవ్వ చెప్పినదాంట్లో సైన్సు పరంగా అంతా తప్పే. తప్పు ఎక్కడో మాత్రం కసుమి వేలుపెట్టి చూపించలేకపోయింది.

సభకు రెండు పేటలూ వచ్చాయి. గుమ్మం దగ్గర చెప్పులు కూడా రెండు గుంపులుగా విడిచారు. ఒకుయామా టీ పోయించి, ఇక చెప్పమ్మా అన్నాడు. నగిని వీపుకు కట్టుకుని కసుమి లేచి నిలబడింది.

"నా ప్రయోగం పాడైంది," అంది. "రెండు రాళ్ళ మీదా నాచు వచ్చింది. తేడా లేదు. పొరపాటు నాదే. నేను సరిగ్గా కాపలా…"

"ఆమెది కాదు, నాది," అంటూ వెనక నుంచి అవ్వ లేచింది. "పడమర రాయి మీద ముళ్ళబంతులు నేనే తీసి క్యాబేజీ పాదుల్లో పూడ్చాను."

హాలంతా కలకలం రేగింది. "అనుకున్నా!" అంది హిసాకో, అప్పటిదాకా ఏమీ అనుకోకపోయినా. "మా తోటల్లో క్యాబేజీలు అంత ఎలా ఊరాయా అని చూస్తున్నా!"

పడమరవాళ్ళ మొహాల్లో ఒక వింత అయోమయం కనబడింది. కోప్పడదామని వచ్చారు. వాళ్ళ రాయి కూడా చిగురించిందంటే దేనిమీద కోప్పడాలో తెలియలేదు. తొకుజో మాత్రం అలవాటు కొద్దీ లేచాడు.

"ఆగండాగండి. ముళ్ళబంతులు తీస్తేనే మొలిచిందని ఏమిటి నమ్మకం? పంతులమ్మే చెప్పింది కదా, పోల్చి చూడాలని. సముద్రమే బాగుపడి ఉండొచ్చు. తీయకపోయినా ఈ ఏడు మొలిచేదేమో!"

కసుమి తల దించుకుంది. ఆ హాల్లో ఆ ప్రశ్న అడగగలిగినవాడు ఒక్కడు ఉన్నందుకు సంతోషించాలి, కానీ సరిగ్గా అదే ప్రశ్నకు ఆమె దగ్గర జవాబు లేదు.

"సముద్రమే బాగుపడితే మరి నడిమి రాయి మీద మొలవలేదేం?" అంది హిసాకో. నడిమి రాయి రేవు మొగలో ఉంది. అది ఏ పేటదో తేలక, ఎవరూ తాకకూడదని పెద్దలెప్పుడో ఒప్పందం చేసుకున్న రాయి. "నీ పడవ కట్టేది దాని పక్కనేగా. చూడలేదా?"

"చూడకేం? పొద్దున్న కూడా చూశాను. నున్నగా గుండులా ఉంది!" అన్నాడు తొకుజో రెచ్చిపోయి. "దానిమీద ఎలా మొలుస్తుంది? దాని ముళ్ళబంతుల్ని ఎవడు తీశాడు గనక!"

ఎవరో టీ కప్పు కింద పెట్టిన చప్పుడు హాలంతా వినిపించింది. తొకుజో కూర్చోబోయి, సగంలో ఆగి, తను ఇప్పుడేమన్నాడో వెనక్కి వెళ్ళి వెతుక్కున్నాడు. దొరికింది.

"తొకుజో గారూ," అంది కసుమి మెల్లిగా, "ఆ మాట ఇంకోసారి అంటారా?"

"అనను," అన్నాడు తొకుజో. గడ్డం గోక్కుని, ఎవరినీ చూడకుండా చెయ్యెత్తాడు.

ఆయన వెనక పడమరపేట చేతులు లేచాయి. తూర్పుపేటవాళ్ళకు ఏం చేయాలో తోచలేదు. పడమర ఒప్పుకున్నదాన్ని ఒప్పుకోవడం వాళ్ళకు అలవాటు లేదు. ఒకుయామా అటూఇటూ చూసి తన చెయ్యి ఎత్తాక, ఒక్కొక్కరే ఎత్తారు. మర్నాడు కసుమి చట్రం పట్టుకుని నడిమి రాయి మీద దిగింది. చట్రం నిండా ముళ్ళబంతులు, మొలక ఒక్కటి లేదు. ఒక బోడిరాయిని చూసి ఆమె జన్మలో అంత సంతోషపడలేదు. అదొక్కటే పెద్ద ఋజువు కాదనీ, ఇంకా రాళ్ళు చూడాలనీ పై అధికారికి వివరంగా చెప్పింది. ఆయన, "ఈసారి రాయి అదేనా?" అని మాత్రం అడిగాడు.

చలి తగ్గాక రేవులో జెండా ఎగరేశారు. జెండా ఎగిరేదాకా ఎవరూ నాచు కోయకూడదు, ఎగిరాక అందరూ ఒకేసారి దిగాలి. చాలా ఏళ్ళ తరవాత ఎగిరిన జెండా. కోసింది పెద్దగా ఏమీ లేదు, రెండు రాళ్ళవీ కలిపి నాలుగు బుట్టలు. అయినా ఊరంతా ఒడ్డుకు వచ్చింది. మరిగే నీళ్ళ కుండలో ముంచగానే గోధుమరంగు నాచు ఒక్కసారిగా పచ్చగా మారుతుంటే పిల్లలు కేరింతలు కొట్టారు. ఆ కుండ ముందు సొయో అవ్వ కూర్చుని పంచింది. రెమ్మ రెమ్మా ఎత్తి, అరచేతిలో తూచి, తూర్పు ఇళ్ళకు ఒక వరస, పడమర ఇళ్ళకు ఒక వరస. ఎవరూ నోరెత్తలేదు. ఎత్తడానికి ఏమీ లేదు.

కసుమి లెక్కలు నేర్చిన మనిషి. చూస్తూ చూస్తూ, వరసలో ఏదో పొసగనట్టు అనిపించింది. పంపకం అయిపోయింది. అవ్వ లేచి, చేతులు తుడుచుకుని, తన ఖాళీ బుట్ట దులుపుకుంటోంది.

"అవ్వ వాటా ఏది?" అని హిసాకోను అడిగింది.

"ఆమెకేం, పుట్టింటివాళ్ళు పెడతారు. పడమరలో తీసుకుంటుంది ఎప్పుడూ."

కసుమి తొకుజో దగ్గరికి వెళ్ళింది.

"మేమా?" అన్నాడాయన. "అత్తింటివాళ్ళు ఉండగా మేం ఎలా పెడతాం పంతులమ్మా? తూర్పువాళ్ళకు తల తీసేసినట్టు ఉండదూ? అక్క అక్కడే తీసుకుంటుంది."

పక్కనే ఉన్న ఒకుయామా తల తిప్పాడు. "మీరు పెట్టట్లేదా?"

"మీరు పెట్టట్లేదా?"

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. తరవాత ఇద్దరూ అవ్వను చూశారు. విందులు, వలలు, గవ్వలు, పండగ పిండివంటలు. ఎప్పటినుంచో ఆమె వాటా ఏదని ఎవరూ అడగలేదు, ఆమె చెప్పలేదు. హిసాకో గబుక్కున తన మూటలోకి చూసుకుంది, తను ఎన్నాళ్ళుగా ఏమేమి అందో గుర్తుకొచ్చినట్టుంది.

తొకుజో వెళ్ళి పడమర ఇంటింటి వాటాలోంచీ ఒక రెమ్మ తీసి కుప్ప చేశాడు. ఆయన్ను చూసి ఒకుయామా తూర్పున అదే చేశాడు. రెండు కుప్పలూ తెచ్చి అవ్వ ముందు పెట్టారు.

"ఇవి ఎవరికి?" అంది అవ్వ.

"నీకే అక్కా."

"మరి ఇది?"

"అదీ నీకే వదినా."

అవ్వ కుడివైపు చూసింది. ఎడమవైపు చూసింది. రెండో మనిషి కోసం వెనక్కి కూడా తిరిగి చూసింది. ఎవరూ లేరు. కసుమి ఇంతకాలం ఆ రాళ్ళ మధ్య ఎలా నిలబడిందో, అవ్వ ఇప్పుడు ఆ కుప్పల మధ్య అచ్చం అలాగే నిలబడింది. ఊరంతా ఊపిరి బిగబట్టి చూస్తోంది.

చివరికి ఆమె వంగి, చెరో చేత్తో చెరో కుప్ప ఎత్తింది. కళ్ళు మూసుకుని తూచింది.

"తొకుజో," అంది, "నీది తగ్గింది."

"లేదక్కా! తూర్పువాళ్ళది తడిగా ఉంది, అందుకే బరువు!"

"తగ్గింది."

తొకుజో గొణుక్కుంటూ వెళ్ళి, తన మూటలోంచి ఇంకో రెండు రెమ్మలు తెచ్చి వేశాడు. అవ్వ మళ్ళీ కళ్ళు మూసుకుని తూచింది.

"ఒకుయామా," అంది, "ఇప్పుడు నీది తగ్గింది."